పేజీకో పేచీ, గొంతుకో అచ్చు

మొట్టమొదటి గొంతుపొర మీద 'ఆషాఢం తగ్గింపు, సగానికి సగం!' అని అచ్చయి వచ్చింది.

పైన సన్నటి అక్షరాల్లో శ్రీరామ. దాని కింద చీరల దుకాణం ప్రకటన. ఆ ప్రకటనకి అడుగున, కరపత్రం మూల ప్రెస్సు పేరు ఒదిగినట్టు ఒదిగి, మా ఆవిడ గొంతు. ఉన్నదే వేలిగోరంత పొర. దాని మీద ఇంత సాహిత్యం.

మా అత్తగారు శైలజగారు భూతద్దం పెట్టి చూసి, "శ్రీరామ మాత్రం ముత్యాల్లా పడింది బాబూ," అని కళ్ళకద్దుకోబోయారు. మా వీధి చివర గొంతు ఆస్పత్రి నడిపే డాక్టర్ షహనాజ్ గారు ఆవిడ చేతికి అందకుండా ఆ పొరని పట్టకారుతో దీపానికెత్తారు.

"పెట్టమంటే పెడతాను ప్రణీత్ గారూ. కానీ మీ ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా దుకాణమే పలుకుతుంది."

"బాబోయ్, వద్దండీ. ఆషాఢంలో ఆ పేరు ఆవిడ నోట రాకూడదని పెళ్ళయినప్పటి నుంచీ మొక్కుతున్నాను."

మౌనిక నా డొక్కలో ఒక్కటిచ్చింది. గొంతు పోయింది గానీ మోచెయ్యి భేషుగ్గా ఉంది.

అవును, మా ఆవిడ పేరు మౌనిక. మా కాలంలో వీధికి నలుగురు మౌనికలుండేవాళ్ళు. ఆ నలుగురిలో పేరుకి ఇంత ద్రోహం చేసింది ఈవిడొక్కతే. తెనాలి నిమ్మకాయల యార్డులో పాట పాడేది. సరిగమల పాట కాదు, వేలం పాట. ఆవిడ గుట్ట వైపు వేలు చూపిస్తే వేలు పలికేవి. కొనేవాడి కనుబొమ కాస్త కదిలితే చాలు, దాన్ని పట్టుకుని ధర మెట్లెక్కించేది. "మౌనికమ్మ వస్తేనే మా కాయ దించండి," అని రైతులు బస్తాల మీదే కూర్చునేవాళ్ళు.

పోయిన చలికాలం ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఆ గొంతుని వెంటబెట్టుకు పోయింది. ఒక వైపు పొర ఎండిపోయింది. గాలి వస్తుంది, ధ్వని రాదు. ఉన్నది నిమ్మకాయల ఊళ్ళోనే గానీ మా ఇంట్లో నిమ్మళం కరువైంది. నిశ్శబ్దం వేరు, నిమ్మళం వేరు అని అప్పుడు తెలిసొచ్చింది నాకు. కూర మాడినా తిట్టు వినపడదు. ఇంతకన్నా నరకం ఏముంది?

యార్డు పెద్దలు ఒక పాటపెట్టె తెప్పించారు. అది ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఒకే స్వరంతో చెప్పి సుత్తి కొడుతుంది. ఎవరి ముఖమూ చూడదు. రైతు ముఖమైతే అసలే చూడదు. యార్డులో ఒక కట్టుబాటుంది: సీజను మొదటి రోజు ఎవరు పాడితే ఆ ఏడాది పొడుగునా పాట వాళ్ళదే. ఆ రోజుకి మౌనికకి గొంతు రావాలి. మాది అక్షరాలా గొంతెమ్మ కోరిక.

ఆ కోరికని తీరుస్తానంది మా అమ్మాయి ధృతి. అది మంగళగిరి దగ్గర ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. జీవముద్రణి ఆ ప్రయోగశాల బిడ్డే. చూడబోతే ఇడ్లీపాత్ర: మూత, ఆవిరి, లోపల పళ్ళెం. సిరాకి బదులు ప్రాణమున్న కణాలు. పలక కంప్యూటరులో పెద్దాస్పత్రి వెబ్‌సైటుకెళ్ళి రోగి పేజీ తెరిచి 'ముద్రించు' నొక్కితే, ఓ వాయి ఇడ్లీ దిగేలోపు గొంతుపొర దిగుతుంది. దిగినది దిగినట్టు గొంతులో పెట్టెయ్యాలి. లేకపోతే వాడిపోతుంది. అందుకే మిషను ఇంట్లో, డాక్టరు వీధి చివర. ఒకరి గొంతు ఇంకొకరు కాజేస్తారని ఆ పేజీని దింపి దాచుకోనివ్వరు. తెరిచిన చోటి నుంచే అచ్చెయ్యాలి.

"కణాలు ఎవరివైనా పనికిరావు నాన్నా," అంది ధృతి, మిషను తెచ్చిన రోజున. "మామూలు వాళ్ళ కణాలు అచ్చయ్యాక ఊరికే పడుకుంటాయి. ఏళ్ళ తరబడి అరిచి అరిచి రాటుదేలిన గొంతులోవైతే వాటికి అదురు గుర్తుంటుంది. మా ల్యాబు కనిపెట్టింది అదే."

"అంటే ఓ వాగుడుకాయ కావాలన్నమాట."

అమ్మమ్మా, అమ్మా, మనవరాలూ ముగ్గురూ ఒకేసారి నా వంక తిరిగారు.

నిజమే మరి. ఊళ్ళో పెళ్ళి విందైనా, సన్మాన సభైనా మైకు నా చేతిలోనే ఉంటుంది. శ్లేష నాకు శ్లేష్మం లాంటిది, గొంతులో ఎప్పుడూ ఉంటుంది, ఎంత ఖాండ్రించినా పోదు. జనం నవ్వుతారు, మూలుగుతారు, మళ్ళీ పిలుస్తారు. పరీక్ష చేస్తే నా కణాలు జిల్లా ఫస్టు. పదో తరగతిలో రాని ఫస్టు వాగుడులో వచ్చింది.

డాక్టరుగారు సన్నటి గొట్టం నా గొంతులోకి దింపి, గీకి, చిన్న బుడ్డీలో పోశారు. "ఇది మళ్ళీ పెరగదండీ," అన్నారు, బుడ్డీ మూత బిగిస్తూ. "మీ దగ్గర తీయగలిగింది నాలుగు బుడ్డీలు. నాలుగోది తీస్తే మీకు మిగిలేది గుసగుసే."

"ఒకటి చాలదా అండీ?"

"మిషను మాట వింటే చాలుతుంది."

మిషను మాట వినలేదు. మొదటి బుడ్డీ చీరల దుకాణానికి సమర్పయామి. మైకులో నేను తారస్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు జారడం మొదలైంది.

"పేజీ పేజీ మొత్తం అచ్చుకి పోయింది నాన్నా, పక్కన ప్రకటనలతో సహా," అంది ధృతి తల పట్టుకుని. "మూల 'అచ్చుకి అనువైన పేజీ' అని బుల్లి గుర్తుంది. అది నొక్కితే ప్రకటనలు పోతాయి. నేనే చూడలా."

"ఎంత గుర్తున్నా గుర్తుండాలిగా తల్లీ."

రెండోసారి ఆ గుర్తు నొక్కాం. మిషను 'ఆఫ్‌లైన్' అంది. ఎదురుగానే ఉంది, దీపం వెలుగుతోంది, ఆవిరి కక్కుతోంది, అయినా లేదట! పంక్తిలో కూర్చుని, విస్తరి ముందేసుకుని, "నేను పెళ్ళికి రాలేదు" అనే అలక చుట్టంలాగా. ధృతి వెతగ్గా వెతగ్గా, పాత చీరల పేజీ ఒకటి ఇంకా వరసలో ముందు నిలబడి దారికి అడ్డం పడిందని తేలింది. దాన్ని రద్దు చేసి, మిషనుని ఆర్పి, మళ్ళీ వెలిగించాక కదిలింది. కదిలి ఏం లాభం? పొరకి కుడివైపు అంచు లేదు. మార్జిన్ని మార్జాలం ఎత్తుకుపోయినట్టు నిలువునా తెగిపోయింది. పేజీ వెడల్పు ఎక్కువ, మేం పెట్టింది నిలువు. అడ్డంగా పెట్టాలట. రెండో బుడ్డీ అలా అడ్డంగా పోయింది.

ఆ వారం ఒక షష్టిపూర్తి సభలో నేను మైకు తీసుకుంటే వెనక వరసలో ఎవరో, "మైకు బాలేదు, మార్చండయ్యా," అని కేకేశాడు. మైకు బానే ఉంది.

మూడోసారి అచ్చు వేసేటప్పుడు అన్నీ సవ్యంగా ఉన్నాయి. అనువైన పేజీ, అడ్డం పేజీ, ఖాళీ వరస. పొర తామరరేకులా దిగింది. పై అంచున శ్రీరామ. ఆ అంచు ఎలాగూ తీసేసేదే గనక డాక్టరుగారు మెల్లగా కత్తిరించి, పొరని మౌనిక గొంతులో అమర్చారు.

మౌనిక నోరు తెరిచింది. కుక్కరు కూత వెయ్యబోయే ముందు సుయ్యిమంటుందే, అదొచ్చింది. కూత రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. సుయ్.

డాక్టరుగారు కొలిచి చూసి, "ఆకారం అద్భుతంగా ఉంది. కానీ కొలత చిన్నది. చుట్టూ సందు, గాలి కారిపోతోంది," అన్నారు. మౌనిక మా ఎవరి వంకా చూడకుండా గోడకేసి చూస్తూ కూర్చుంది. నేనో శ్లేష వెయ్యబోయాను. దొరకలేదు. నా జీవితంలో అదే మొదటిసారి.

చెడిపోయిన పొరని తీసుకుని ధృతీ నేనూ మంగళగిరి వెళ్ళాం. ప్రయోగశాలలో అదే పేజీని ఉత్తుత్తి జిగురుతో పెద్ద మిషనులో అచ్చేశారు. వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. ధృతి పై అధికారి ముకుందం గారు ఆ జిగురు పొరని వేలి మీద పెట్టి చూపించి, నాకు తెలిసిన వాక్యాల్లోకెల్లా దారుణమైన వాక్యం అన్నారు: "మా దగ్గర బాగానే వస్తోందండీ."

"మా ఆవిడ గొంతు మీ దగ్గర లేదండీ," అన్నాను, ఇత్తడి బిందె ఈడ్చినట్టున్న గొంతుతో.

"తెనాలి గాలిలో తేమ ఎక్కువ. పొర ముడుచుకుంటుందేమో. మీ కరెంటు కూడా చూడాలి."

"అయితే ఆ ఉత్తుత్తి జిగురే మా ఇంటి మిషనులో పోసి చూద్దాం సార్," అంది ధృతి.

"పొయ్యగలిగితే పోద్దువుగానమ్మా. అది ప్రాణమున్న కణాలకి తప్ప నోరు తెరవదు. అట్లా చేసింది నువ్వేగా?"

దారి పొడుగునా ధృతి తేమ లెక్కలేస్తూనే ఉంది. మధ్యలో ఆగి, "నాన్నా, నాలుగోది నువ్వివ్వద్దు. నా వల్ల కావట్లా," అంది.

"నీ వల్ల కాకపోతే నా వల్లేగా అయ్యేది," అన్నాను. అది నవ్వలేదు. శ్లేషకి గొంతు కూడా కావాలి, పదునొక్కటే చాలదు.

ఇంటికొచ్చేసరికి మిషను మీద మౌనిక తువ్వాలు కప్పి ఉంది. ప్లగ్గు పీకి ఉంది. మౌనిక దాని పక్కనే పీట వేసుకుని కూర్చుని ఉంది. ధృతి చేతిలో సంచీ కింద పెట్టకముందే వేలు అడ్డంగా ఆడించింది: నాలుగో బుడ్డీ లేదు.

వేలం పాటలు రాకముందు యార్డుల్లో తువ్వాలు బేరం ఉండేది. నోటితో ఒక్క మాట లేకుండా, తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్ళు. చిటికెనవేలు లాగితే దిగమని, బొటనవేలు నొక్కితే ఒప్పుకున్నానని, పిడికిలి మూస్తే బేరం లేదని. గొంతు పోయినప్పటి నుంచీ మా సంసారం ఆ తువ్వాలు కిందే నడుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని తువ్వాలు కిందకి చెయ్యి పోనిచ్చాను.

పిడికిలి.

"మౌనీ, విను. సీజను నెత్తి మీదకొచ్చింది."

పిడికిలి ఇంకా బిగిసింది.

"గుసగుస అంటే మూగ కాదుగా? మొగుడు గుసగుసలాడితే సంతోషించే ఆడవాళ్ళెంతమంది లేరు!"

చిటికెనవేలు పట్టుకుని విరిగేలా లాగింది. కళ్ళల్లో నీళ్ళు. మైకు లేకపోతే నేను ఉప్పులేని పప్పునని ఆవిడకి తెలుసు. తెలిసే లాగింది.

ఇక దాచుకోలేదు నేను. "నా మాటకి జనం నవ్వి ఇంటికి పోతారే. నీ మాటకి రైతు నవ్వుతూ ఇంటికి పోతాడు. రెండూ ఒకటేనా? ఆ పెట్టె మొన్న వెంకటాపాలెం ముసలాయన కాయని ఎంత తక్కువకి కొట్టేసిందో చూశావుగా. నువ్వా రోజు నోట్లో కొంగు కుక్కుకున్నావు. అరవడానికి గొంతు లేకపోయినా అరుపొచ్చింది నీకు."

పిడికిలి విడింది గానీ బొటనవేలు నొక్కలేదు. చూపుడువేలు నిలబెట్టింది. ఒక షరతు. లేచి, ధృతి చేతిలోని పలకని తీసుకుని, తన యార్డు సంచీలోంచి తూకం చీటీ తీసి దాని పక్కన పెట్టింది. చీటీని తట్టింది, పలకని తట్టింది, చీటీని మళ్ళీ తట్టింది.

"కాగితమా?" అంది ధృతి. "కాగితం మీద వెయ్యమంటావా అమ్మా?"

మౌనిక తలాడించింది. రక్తం చిందించేముందు ఓ కాగితం చించండి అన్నట్టు.

కాగితం మీద అచ్చెయ్యడం ఎవరికీ తట్టలేదు. తట్టదు కూడా, ఇళ్ళల్లో కాగితం మిషన్లు పోయి ఎన్నేళ్ళయింది! యార్డులో మాత్రం ఒకటి బతికుంది. చేతిలో చీటీ పడితే గానీ రైతులు కాటా దగ్గర్నుంచి కదలరు. మర్నాడు పొద్దున్నే నలుగురం అక్కడికి వెళ్ళాం. పక్కన పాటపెట్టెకి ఎవరో దండ వేసి, తుడిచి, సీజనుకి సిద్ధం చేస్తున్నారు. మౌనిక దాన్ని చూడనట్టే నడిచింది.

ధృతి తన పలకలోంచే, ఇంట్లో నొక్కినట్టే నొక్కింది. ముసలి మిషను దగ్గి, కాగితం కక్కింది. గొంతుపొర గీతబొమ్మ. మౌనిక గొంతు కొలతకి చిల్లు కోసి డాక్టరుగారిచ్చిన ఉక్కు కొలబద్దని ధృతి దాని మీద పెట్టింది. చుట్టూ సందు.

"కాగితానికి కూడా తేమేనా?" అన్నాను.

ధృతి కాగితం పైభాగం వంకే చూస్తోంది.

"అమ్మమ్మా," అంది చివరికి. "మిషను తెచ్చిన రోజు నువ్వేమన్నావు?"

"ఏవన్నానే? పైన శ్రీరామ లేకుండా మనింట్లో ఏ కాగితమైనా మొదలెడతామా అన్నాను. నువ్వే పెట్టావుగా బంగారంలాగా?"

"పెట్టా. ప్రతి అచ్చుకీ పైన వచ్చేలా నా పలకలో పెట్టా. మర్చిపోయా." అది కాగితం అంచు మీద వేలు పెట్టింది. "ఆ ఒక్క వరసకి చోటు కావాలిగా. బొమ్మ పేజీలో పట్టలా. పట్టకపోతే 'పేజీలో పట్టేలా కుదించు' అని దానంతటదే కుదించేస్తుంది. అమ్మ గొంతుని కుదించేసింది. ల్యాబులో శ్రీరామ లేదు, అందుకే అక్కడ సరిగ్గా వచ్చింది. మూడు పొరల మీదా కళ్ళెదురుగానే ఉంది నాన్నా, మనం చూసి దణ్ణం పెట్టుకున్నాం!"

రోజూ కళ్ళకద్దుకునేదాన్ని అనుమానించడం ఎవరి తరం? ధృతి కుదింపు తీసేసింది. శ్రీరామ దగ్గరికొచ్చి వేలు ఆపి, అమ్మమ్మ వంక చూసింది.

శైలజగారు కాగితాన్ని చేతిలోకి తీసుకున్నారు. "తీసెయ్యవే. ఆయనంతటివాణ్ణి తెచ్చి అంచులో ఇరికించడం మనదే తప్పు. అచ్చయినంతసేపూ నేను నోటితో అంటా."

రెండో కాగితం వచ్చింది. ధృతి కొలబద్ద పెట్టింది. గీత మీద గీత, ఎక్కడా సందు లేదు. మౌనిక నా చెయ్యి పట్టుకుంది, ఈసారి తువ్వాలు లేకుండానే. బొటనవేలు నొక్కింది.

నాలుగో బుడ్డీ ఇవ్వడానికి కుర్చీలో కూర్చునే ముందు, "చివరిగా ఏమైనా చెప్తారా?" అని డాక్టరుగారు నవ్వుతూనే అడిగారు. అందరూ నా నుంచి ఏదో పెద్ద శ్లేష వస్తుందని చూస్తున్నారు. "మౌనీ, కూర మాడితే గట్టిగా తిట్టు," అన్నాను. మిగిలిన ఆ కాస్త గొంతుతో నేనన్న ఆఖరి మాట అదే. అందులో శ్లేష లేదు.

ఆ మధ్యాహ్నం మిషను మూత కింద ఆవిరి తిరుగుతున్నంతసేపూ మా అత్తగారు శ్రీరామ శ్రీరామ అంటూనే ఉన్నారు. పొర దిగింది. దాని మీద ఏ అక్షరమూ లేదు. డాక్టరుగారు అమర్చి, చేతులు తీసేసి, వెనక్కి జరిగారు.

మౌనిక గుటక వేసింది. నా వంక చూసింది. నోరు తెరిచింది.

"ఏందయ్యా అట్టా గుడ్లప్పగించి చూస్తావ్?"

కిటికీ అద్దం అదిరింది. అదే కేక, అదే ఎత్తు. కానీ అడుగున ఎక్కడో సన్నటి జీర, నేను అద్దంలో చూసుకునే ముఖమంత తెలిసినది. నా గొంతు, ఆవిడ మాట. ధృతి అమ్మని కావలించుకుని ఏడుస్తుంటే, నేను "భళా" అన్నాను. నాకే వినపడలేదు.

సీజను మొదటి రోజు యార్డు నిండిపోయింది. పసుపుపచ్చని గుట్టలు, వాటి చుట్టూ చెన్నై నుంచీ ఢిల్లీ నుంచీ వచ్చిన వ్యాపారులు. పెద్దలు పెట్టె మీట నొక్కబోతుంటే వెంకటాపాలెం ముసలాయన దాని ముందు బస్తా వేసుక్కూర్చున్నాడు. "మౌనికమ్మ పాడుద్దంటగా. ఈ డబ్బాని పక్కన పెట్టండయ్యా."

"గొంతొచ్చిందా అమ్మా?" అన్నారు పెద్దాయన, అనుమానంగా.

"చెవులున్నాయా బాబాయ్?" అంది మౌనిక. ఆయన వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఓ అడుగు వెనక్కేశారు.

ఎక్కింది గుట్ట. ఎత్తుకుంది పాట. ధర మెట్టు మీద మెట్టు ఎక్కుతోంది. ఒకడి కనుబొమ కదిలింది, పట్టింది. ఇంకొకడు జేబు తడుముకున్నాడు, పట్టింది. పాటపెట్టె మెడలో దండ వాడుతోంది. ముసలాయన గుట్ట దగ్గర మాత్రం పాట ఆగింది. చెన్నై ఆయన చేతులు కట్టుకున్నాడు. కాయ చిన్నదట, పాతబడిందట.

నాకు నాలుక దురద పెట్టింది. మైకు లేదు, గొంతు లేదు. గుట్ట ఎక్కి మౌనిక చెవిలో ఊదాను.

ఆవిడ ముఖం చిట్లించింది. "ఛీ, ఇంత చెత్తది నా నోటితో చెప్పాలా?"

తలూపాను.

మౌనిక ఊపిరి పీల్చి యార్డంతా మారుమోగేలా అంది: "చింత చచ్చినా పులుపు చావదంటారు! మా నిమ్మకి అసలు చింతే లేదు, పులుపొక్కటే! ఈ ముక్క మా ఆయన పంపించాడు. తిట్టాలంటే ఆయన్ని తిట్టండి, కొనాలంటే కాయని కొనండి!"

యార్డు యార్డంతా మూలిగింది. ఎన్ని సభల్లో మైకు పట్టుకున్నా అంత నిండైన మూలుగు నాకు దక్కలేదు. మూలుగు వెనకే నవ్వు. నవ్వుల మధ్య ఢిల్లీ ఆయన చెయ్యెత్తాడు, ఆయన్ని చూసి గుంటూరు ఆయన. ధర మళ్ళీ కదిలింది. ముసలాయన బస్తా మీంచి లేచి నిలబడ్డాడు. చెన్నై ఆయన ఇంకా చేతులు విప్పలేదు గానీ పెదవి మూల వణుకుతోంది.

పెళ్ళయిన నాటి నుంచీ నా శ్లేషలకి 'ఇక చాలించు' తప్ప ఇంకో మాట అనని మౌనిక నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవి నా నోటికి ఆనించింది.

"ఇంకోటి చెప్పవయ్యా, తొందరగా. చెన్నై ఆయన పాటలోకి దిగేట్టున్నాడు."